నీలం సిరాతో రాసిన ప్లేట్‌లెట్లు

ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు టీ తాగేటప్పుడు నన్నొక ప్రశ్న అడిగేవారు. "మేడమ్, ఇన్నేళ్ళ సర్వీసులో మీరు చేసిన పెద్ద తప్పేంటి?" అని. పెద్దవాళ్ళ తప్పులు వినడంలో చిన్నవాళ్ళకి ఒక సుఖం ఉంటుంది. నేనూ ఆ వయసులో అడిగినదాన్నే కాబట్టి తప్పు పట్టను. కానీ వాళ్ళకెప్పుడూ నిజం చెప్పలేదు. రెండు ట్యూబులు తారుమారై, మీసాలున్న ఒక పెద్దాయనకి గర్భం నిలిచినట్టు రిపోర్టు వెళ్ళబోయిన కథ చెప్పి నవ్వించి పంపేసేదాన్ని. రిటైరై రెండేళ్ళయింది. ఇప్పుడు అసలుది చెబుతాను. ఇందులో నవ్వు కాస్త తక్కువ.

ముప్ఫై నాలుగేళ్ళు నేను రక్తంతో పనిచేశాను. విశాఖపట్నంలో ఒక మోస్తరు ఆసుపత్రి మాది. కింద ల్యాబు, రెండో అంతస్తులో కాలిన గాయాల వార్డు. ఆ వార్డు శాంపిళ్ళు వస్తే మేం గబగబా చేసి పైకి పంపేసేవాళ్ళం తప్ప, ఆ మనిషి ఎలా ఉన్నాడని అడిగేవాళ్ళం కాదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుంది కదా.

మా ఆసుపత్రికి ఒక కుర్ర ప్లాస్టిక్ సర్జన్ వచ్చాక ఆ సుఖం పోయింది. ఒంటి మీద ఎంత మేర కాలిందో చూసి బతుకుతాడా లేదా అని చెప్పడం పాత పద్ధతి. ఆయనకి అది చాలలేదు. ఒకే మాదిరిగా కాలిన ఇద్దరిలో ఒకరు ఇంటికెళతారు, ఒకరు వెళ్ళరు. ఆ తేడా పైకి కనిపించేలోపే రక్తం చెబుతుందని ఆయన నమ్మకం. అందుకని ప్రతి రోగికీ రోజూ నాలుగు పరీక్షలు అడిగాడు. ఒంటికి ప్రాణవాయువు సరిగ్గా అందుతోందో లేదో చెప్పే లాక్టేటు, పోషణ ఎంత కరిగిపోయిందో చెప్పే ఆల్బుమిన్, ఇన్‌ఫెక్షన్ ముదిరితే పడిపోయే ప్లేట్‌లెట్లు, ఇంకొకటి ప్రోకాల్సిటోనిన్. ఈ చివరిది గడుసుది. సూక్ష్మక్రిములు రక్తంలోకి చొరబడుతుంటే ఒక్కోసారి జ్వరం రాకముందే ఇది పెరిగిపోతుంది.

"అంటే చిలకజోస్యం అన్నమాట" అన్నాను. నా నోరు అలాంటిది. ఆయనేం నొచ్చుకోలేదు. "చిలక మీరే కదా మేడమ్, కార్డు సరిగ్గా తియ్యండి" అన్నాడు. అక్కడితో నేను ఆయన మనిషినైపోయాను.

ప్రింటు రిపోర్టు మా పెద్ద డాక్టరుగారి సంతకమై ఫైల్లోకి చేరేసరికి మధ్యాహ్నం దాటేది. అందుకని ఒక్కో మంచానికి ఒక పొడవాటి షీటు పెట్టాం. రోజుకొక నిలువు గడి. పొద్దున్నే పరీక్షలు చేసి, అంకెలు నా చేత్తో నింపి, తొమ్మిదిన్నరకల్లా నేనే పైకి పట్టుకెళ్ళేదాన్ని. ఇక్కడ మా ల్యాబు పాత ఆచారం ఒకటి చెప్పాలి. మామూలు అంకె నీలం సిరాతో, తేడాగా ఉన్న అంకె ఎర్ర సిరాతో. కంప్యూటర్లు రాకముందు నా గురువు నేర్పిన పద్ధతి. ఆ షీటు మీద నేను దాన్నే నిలబెట్టాను. అంతటితో ఊరుకోకుండా హౌస్ సర్జన్లని పోగేసి పాఠం కూడా చెప్పాను. "అన్నీ చదివే తీరిక మీకుండదు. ఎరుపు చూడండి చాలు" అన్నాను. ఆ పిల్లలు నా మాట విన్నది అదొక్క విషయంలోనే.

వార్డు హెడ్ సిస్టర్ నాకంటే ఆరేళ్ళు చిన్నది. విజయనగరం వైపు మనిషి. శాంపిల్ మీద పేరు అలుక్కుపోయిందని నేనూ, రిపోర్టు ఆలస్యమైందని ఆమే రోజూ పోట్లాడుకునేవాళ్ళం, మళ్ళీ ఒకే క్యారేజీలో తినేవాళ్ళం. ఆమెకొక చాదస్తం ఉండేది. మధ్యాహ్నం షీట్లలోని అంకెలన్నీ తన చిన్న పుస్తకంలోకి ఎక్కించుకునేది. నా మీద నమ్మకం లేదా అని ఏడిపించేదాన్ని. "నమ్మకం లేక కాదక్కా, నా సేత్తో రాత్తే గాని నా బుర్రకి ఎక్కదు" అనేది. ఆ చాదస్తానికి నేనెంత రుణపడ్డానో ఇప్పుడు చెబుతాను.

ఆ రోజుల్లో పెళ్ళిళ్ళ వంట మేస్త్రి ఒకతను ఆ వార్డులో చేరాడు. నలభై దాటి ఉంటాయి. కూర్మన్నపాలెంలో కాపురం. ఒక ఫంక్షన్ హాల్లో, పెళ్ళి పొద్దున, పెద్ద పొయ్యి గొట్టం దగ్గర గ్యాస్ కారి మంట లేచింది. ఛాతీ, మెడ, చేతులు రెండూ కాలిపోయాయి. పక్కనే కూరగాయలు తరుగుతున్న భార్య నీళ్ళ డ్రమ్ము ఒంపేసి, తడిపిన బెడ్‌షీటు చుట్టి తీసుకొచ్చింది. వాళ్ళిద్దరూ జోడీగానే పనిచేసేవాళ్ళు. వంట అతనిది, తరగడం, కొలవడం ఆమెది.

ఆమెకి చదువు రాదు. కానీ మూడోరోజుకల్లా మా షీటు చదవడం నేర్చుకుంది. ఎర్రవి చెడ్డవనీ, ఎన్ని తక్కువుంటే అంత మంచిదనీ వార్డులో ఇంకొకరి తాలూకు మనిషి చెప్పిందట. అప్పటినుంచి నేను షీట్లు పట్టుకుని ల్యాబు తలుపు తీసేసరికి మెట్ల దగ్గర నిలబడి ఉండేది. "ఎర్రవి ఎన్నమ్మా ఈవేళ?" అదొక్కటే అడిగేది. నేను ఎన్నో చెప్పేదాన్ని. తలాడించి వెళ్ళిపోయేది.

ఆ లెక్క ఆమె ఎందుకు అడుగుతోందో పదోరోజుకి గాని నాకు తెలియలేదు. మా ఆయా చెప్పింది. ఆమె అమ్మవారికి మొక్కుకుందట, ఒక్కో ఎర్ర అంకెకి ఒక పూట మానేస్తానని. ఆ వార్డులో ఆల్బుమిన్ ఎవరికైనా ఎరుపే, అది ఒక పట్టాన నీలంలోకి రాదు. అంటే రోజుకి ఒక పూట ఎలాగూ పోయినట్టే. రెండోది ఎర్రబడితే రోజంతా పస్తు. మూడోది మర్నాటికి బాకీ. ముందురోజు కుళాయి దగ్గర బిందె పట్టుకుని కూలబడిపోయిందనీ, సిస్టరే బలవంతంగా మజ్జిగ తాగించిందనీ ఆయా చెప్పింది.

ఆ మాట చెవిలో ఉండగానే ఆ పొద్దుటి అంకెలు నా ముందుకొచ్చాయి. నాలుగు రోజులుగా మెట్టు మెట్టుగా పెరుగుతున్న ప్లేట్‌లెట్లు ఒక్కసారిగా సగానికంటే కిందకి పడ్డాయి. ప్రోకాల్సిటోనిన్ నిన్నటికి ఎన్నో రెట్లుంది. లాక్టేటు హద్దు దాటింది. ఆల్బుమిన్ సంగతి సరేసరి. నాలుగుకి నాలుగూ ఎరుపే. తలుపు అద్దంలోంచి మెట్ల దగ్గర ఆమె చీర కొంగు కనిపిస్తోంది.

పెన్ను మార్చాను. ఆల్బుమిన్ ఒక్కటి ఎర్రగా రాసి, మిగతా మూడూ నీలంతో రాశాను.

ఎందుకంటే ఏం చెప్పను? అంకె నిజమే రాశాను కదా, డాక్టర్లు చదువుకున్నవాళ్ళు కదా, వాళ్ళకి రంగుతో పనేముంది అనుకున్నాను. రంగు చూస్తే చాలని వాళ్ళకి నేర్పిందే నేనన్నది ఆ క్షణంలో గుర్తు రాలేదు. వచ్చిందేమో, పక్కకి నెట్టేశానేమో. ఇప్పటికీ తేల్చుకోలేను. అలాంటి అంకెలొస్తే వార్డుకి ఫోన్ చేసి చెప్పాలన్నది నియమం. షీటు ఎలాగూ రౌండ్స్‌కి వెళుతోంది కదా అని అదీ చెయ్యలేదు. ముప్ఫై ఏళ్ళు అంకెలతో కాపురం చేసినదాన్ని, ఆ ఒక్కపూట మంచిదాన్ని అనిపించుకోవాలని బుద్ధి పుట్టింది.

"ఎర్రవి ఎన్నమ్మా?" అంది.

"ఒకటే" అన్నాను.

ఆమె మొహం నాకింకా కళ్ళకి కట్టినట్టే ఉంది. షీట్లు పైన ఇచ్చి దిగి వచ్చి, ఆమెని క్యాంటీన్‌కి తీసుకెళ్ళాను. నాలుగిడ్లీలు తింది. చట్నీలో పోపు మాడిందని కూడా చెప్పింది. అంటే ఆమెలోని వంట మనిషి లేచి కూర్చుందన్నమాట. నేను ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ ఎంతో పుణ్యం చేసినట్టు మురిసిపోయాను. ఆ మురిపెం గట్టిగా రెండు గంటలు నిలిచింది.

ఆ పొద్దున మా సర్జన్ ఆపరేషన్ థియేటర్లో ఉన్నాడు. రౌండ్స్‌కి హౌస్ సర్జన్ వెళ్ళాడు. షీటు చూశాడు, రోజూ ఉండే ఆ ఒక్క ఎరుపు తప్ప ఏం కనిపించలేదు. నిలకడగా ఉన్నాడని రాసి, మర్నాడు చర్మం అతికించే ఆపరేషన్ జాబితాలో అతని పేరు ఎక్కించి వెళ్ళిపోయాడు. ఆ కుర్రాణ్ణి నేనెప్పుడూ ఏమీ అనలేదు. అతను నేను చెప్పిన పాఠమే అప్పజెప్పాడు.

పన్నెండు దాటాక ల్యాబు ఫోన్ మోగింది. సిస్టర్.

"అక్కా, నీ ఎర్ర పెన్ను గాని ఎండిపోనాదేటి?"

నా చెయ్యి కోటు జేబులోని ఎర్ర పెన్ను మీదకి వెళ్ళింది.

"నిన్న నా పుస్తకంలో ఈడి ప్లేట్‌లెట్లు రెండు లక్షల పైన ఉన్నాయి. ఈవేళ తొంభై వేలని రాసినావు. నీలంతో. మెషీన్ తప్పా, నీ సెయ్యి తప్పా? బేగి సెప్పు."

"అంకె నిజమే. రంగు తప్పు" అన్నాను.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. థియేటర్‌కి కబురు పెడుతన్నాను, నువ్వు పైకి రా అని ఫోన్ పెట్టేసింది. రెండంతస్తుల మెట్లు నేనలా ఎక్కడం అదే మొదలు, అదే ఆఖరు. పైకెళ్ళి ఆ మూడు అంకెల మీదా ఎర్ర పెన్నుతో దిద్దాను. నీలం మీద ఎరుపు దిద్దితే వచ్చే ఆ మురికి రంగుకి పేరు లేదు. తలెత్తేసరికి మా సర్జన్ మాస్కు గడ్డం కిందకి లాక్కుని తలుపులో నిలబడి ఉన్నాడు. చెప్పాల్సిందంతా ఆయన అడగకముందే చెప్పేశాను, మొక్కు సంగతితో సహా.

"ముందు పని చూద్దాం" అన్నాడు. ఏ క్రిమి చేరిందో తేల్చే కల్చర్ పరీక్షకి రక్తం తీయించాడు. మందులు మార్చాడు. మర్నాటి ఆపరేషన్ ఆపించాడు. గాయాల కట్లన్నీ విప్పించి చూస్తే ఛాతీ పక్కన ఒకచోట రంగు మారి ఉంది. అప్పటికి రోగికి జ్వరం లేదు. చూడ్డానికి నిన్నటి కంటే తేటగానే ఉన్నాడు. పైకి కనిపించని ఆ ప్రమాదాన్ని కనిపెట్టడానికే కదా మేమిన్నాళ్ళూ షీట్లు నింపింది! నింపిన చేతే దాన్ని కప్పేసింది.

పనంతా అయ్యాక ఆయన నా దగ్గరకొచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. "మేడమ్, ఈ సంగతి అతని భార్యకి మీరే చెప్పండి. నేను చెబితే అది ఫిర్యాదవుతుంది" అన్నాడు.

మెట్ల మీద పక్కన కూర్చుని చెప్పాను. పొద్దున నీకు ఒకటే ఎరుపని చెప్పాను, నాలుగున్నాయి, నువ్వు తింటావని అలా రాశాను, దానివల్ల మందు మార్చడం రెండు గంటలకి పైగా ఆలస్యమైంది అన్నాను. ఆమె కొంగుతో అరచేతులు తుడుచుకుంది.

"అయితే నాను పొద్దున తిన్నది అబద్ధం మీద తిన్నానన్నమాట" అంది. ముప్ఫై నాలుగేళ్ళలో ఎవరు పెట్టిన చీవాట్లూ నన్నలా తాకలేదు.

తర్వాత ఆమే మళ్ళీ అంది. "మా పన్లో ఒక లెక్కుంటాదమ్మా. గుండిగ పొయ్యి మీదుండగా ఉప్పెక్కువైపోనాదని ఎవులైనా సెప్తే నీళ్ళు పోత్తాం, నాలుగు ముక్కలు ఏత్తాం, ఏదోటి సేత్తాం. ఇస్తరాకుల్లో వడ్డించీసినాక సెప్తే ఏటి సెయ్యగలం? ఇప్పుడు గుండిగ పొయ్యి మీదే ఉన్నాదా?"

"ఉంది" అన్నాను.

"అయితే పదండి. ఇంకెప్పుడూ నా కోసం రంగు మార్సకండి. నాను తింతాను. అమ్మోరికి నాను సెప్పుకుంటాను."

మూడు గంటలకి అతనికి వణుకుతో జ్వరం వచ్చింది. రక్తపోటు పడిపోయింది. అప్పటికి కొత్త మందు ఒంట్లోకి వెళ్ళి రెండు గంటలు దాటింది. జ్వరం చూశాక మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనని సర్జన్ అన్నాడు. నేను చేసిన లెక్క నాకుంది. రెండు గంటలు నేను పోగొట్టాను, మిగతా గంటలు సిస్టర్ చాదస్తం దక్కించింది. ఆ సాయంత్రం మళ్ళీ పరీక్షలు చేసి ఎర్రగా రాసి పైకి పట్టుకెళ్ళాను. మర్నాడూ ఎర్రగానే రాశాను. ఆ మర్నాడూ. ఆమె మెట్ల దగ్గర ఎప్పటిలాగే నిలబడేది. నేను నాలుగు అనేదాన్ని. నాను రెండు పూటలా తిన్నానమ్మా అని ఆమె చెప్పేది. అలా ఒకరికొకరం నిజం అప్పజెప్పుకునేవాళ్ళం. నాలుగోరోజున ప్లేట్‌లెట్లు మళ్ళీ మామూలు హద్దులోకి వచ్చాయి. మెషీన్‌లో రెండుసార్లు చూసుకుని, సిస్టర్‌ని పిలిచి ఆమె చేత కూడా చదివించి, అప్పుడు నీలంతో రాశాను.

మా పెద్ద డాక్టరుగారికి జరిగింది కాగితం మీద రాసిచ్చాను. ఆయన చీవాట్లు పెట్టారు, పెట్టాల్సినవే. ఆ వారంలోనే పద్ధతి మారింది. రౌండ్స్‌లో ఎవరో ఒకరు నిన్నటి అంకె, నేటి అంకె పైకి చదవాలి. తేడా అంకెకి ఫోన్ తప్పనిసరి. సిస్టర్ చిన్న పుస్తకం పెద్ద రిజిస్టరయ్యింది. ఆమె దానికి అట్ట వేసుకుని, నన్ను చూసి ఒక నవ్వు నవ్వింది.

ఆ తర్వాత ఒకసారి రుషికొండ దగ్గర హోటల్లో డాక్టర్ల సభ జరిగితే మా సర్జన్ నన్నూ రమ్మన్నాడు. తన పరిశీలనలన్నీ చెప్పాడు. ఒక్కరోజు అంకె మనిషి జాతకం చెప్పలేదనీ, రోజుకీ రోజుకీ దాని నడక చూస్తే ముందుగా కబురందుతుందనీ చెప్పి, తెర మీద ఒక షీటు వేశాడు. పేరు, మంచం నంబరు చెరిపేసి ఉన్నాయి గానీ ఆ మురికి రంగు అంకెలు నేను గుర్తుపట్టనా! చివరి వరసలో కూర్చుని చెమటలు కక్కాను. "మా పరీక్షలు తప్పలేదు. మేం ఒకసారి చదవడంలో తప్పాం. తప్పిన పూటే మాతో ఆ మాట చెప్పిన మనిషి మా ల్యాబులో ఉన్నారు కాబట్టి ఈ రోగి ఇంటికెళ్ళాడు" అన్నాడు. మేం అన్నాడు. నేను చేసింది తీసుకుని మేం అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయనకి నేను ఈ జన్మంతా రుణపడి ఉంటాను, నా కంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడైనా సరే.

మేస్త్రి రెండు నెలల పైన ఉండి ఇంటికెళ్ళాడు. కుడిచేతి వేళ్ళు వంగిపోయాయి. గరిటె పట్టగలడు గానీ చిటికెతో ఉప్పు తియ్యలేడు. అప్పటినుంచీ ఉప్పు వెయ్యడం ఆమె వంతైంది.

నేను రిటైరైన రోజున ఇద్దరూ వచ్చారు. ఎవరు చెప్పారో తెలుసు, ఆ రిజిస్టర్ సిస్టరే. పులిహోర, గుమ్మడికాయ దప్పళం, బూరెలు చేసి పట్టుకొచ్చి, క్యాంటీన్ వాళ్ళ పొయ్యి ఒకటి అడిగి తీసుకుని దప్పళం వేడి చేస్తున్నారు. వడ్డనకింకా టైముంది. తలా ఒక గరిటెడు రుచి చూస్తున్నారు. సర్జన్ బ్రహ్మాండం అన్నాడు. మా పెద్ద డాక్టరుగారు, ఉప్పు తగ్గించుకోమని ఊరందరికీ చెప్పే మనిషి, ఇంకో గరిటె వేయించుకున్నారు. సిస్టర్ కూడా ఏమీ అనలేదు. మేస్త్రి భార్య నా చేతిలో చిన్న గిన్నె పెట్టి, మొగుడి పక్కకెళ్ళి నిలబడింది. అతను వంకర వేళ్ళతో గరిటె పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"ఎలాగున్నాదమ్మా?" అంది.

అంత ఆదరంగా వండి తెచ్చినవాళ్ళకి ఏం చెబుతాం? నోట్లో పోసుకున్నది మింగాను.

"ఉప్పు ఎక్కువైంది" అన్నాను.

చుట్టూ అందరూ నా వైపు అదోలా చూశారు. ఆమె మాత్రం నవ్వింది. ఆ ఇడ్లీల పొద్దున తర్వాత ఆ మొహంలో అంత వెలుగు చూడటం నాకదే మొదటిసారి. మొగుడి చేతిలో గరిటె తీసుకుని, ఒక చెంబుడు నీళ్ళు దప్పళంలో పోసి, మంట పెంచింది.

"పొయ్యి మీదే ఉన్నాదమ్మా" అంది.